మా సోషల్ మేడం అతుకుల పటం

మొన్న జనగామలో టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టిండ్రు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున బస్సుకు పోయి, వెనక వరుసలో ఫ్యాను కింద జాగ చూసుకొని కూసున్న. శిక్షణ ఇచ్చే ఆయన తెర మీద ఒక బొమ్మ చూపెట్టిండు. పాత పేపర్లు, ఆకులు, గింజలు, గుడ్డముక్కలు అతికించి చేసిన బొమ్మ. దీన్ని కొలాజ్ అంటరని, ఒక్క కొలాజ్‌తోని లెక్కలు, సైన్సు, సోషల్, భాషలు అన్నీ కలిపి చెప్పొచ్చని, ఇది సరికొత్త పద్ధతి అని చెప్పుకొచ్చిండు. మీలో ఎవరన్నా ఇట్లాంటిది ఎప్పుడన్నా చేయించిండ్రా అని అడిగిండు.

నా చెయ్యి సగం లేచి ఆగింది. చేయించిన అంటే అబద్ధం. చూసిన అంటే సరిపోదు. అడ్డం పడ్డ అంటే అది నిజమే, కాని నిండు హాల్లో చెప్పుకునే నిజం కాదు. చెయ్యి దించి తల గోక్కున్న.

చాయ్ టైముకు బయటికొచ్చి మా సోషల్ మేడానికి ఫోన్ చేసిన. ఆమె రిటైరై మొగుళ్లపల్లిలో ఉంటది. మీరు ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు మాకు ట్రైనింగ్ ఇస్తున్నరని చెప్పిన. అవతల ఆమె నవ్వు వినపడ్డది, ముందు ముక్కుతోని మొదలై గొంతులకు దిగే నవ్వు. కూర మంచిగున్నదా, చాయ్ ఇచ్చిండ్రా అని అడిగింది. కాగితం కప్పుల్లో ఇచ్చిండ్రని చెప్పిన.

"అయితే తాగినంక కప్పులు పారెయ్యకుండ్రి సార్. కడిగి ఆరవెట్టుండ్రి. ఆ అడుగులు మంచిగ గుండ్రంగ వస్తయి."

సాయంత్రం నేను పద్నాలుగు కప్పులు సంచిలో వేసుకొని ఇంటికొచ్చిన. ఇవెందుకని మా ఇంటామె అడిగింది. ఆమెకు చెప్పేసరికి అన్నాలు చల్లారిపోయినయి. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్న.

నా మొదటి పోస్టింగ్ బయ్యారం దిక్కు ఒక ఊరి హైస్కూల్‌లో. లెక్కల సారుగా చేరిన. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, పదో తరగతిలో ఒక్కరు కూడా ఫెయిల్ కావద్దన్న పట్టుదల. బడి చుట్టూ నాలుగు ఊర్లు, రెండు లంబాడి తండాలు. పిల్లలు అక్కడి నుంచే వస్తుండిరి. చేరిన రోజు స్టాఫ్ రూములో నాకు చూపించిన కుర్చీ మీద ఒక సంచి ఉన్నది. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన పెద్ద సంచి. దాన్ని జరిపి కూసుందామని ఎత్తితే లోపల ఏందో గలగలమన్నది. పక్క కుర్చీలో ఉన్న ఆమె, జర మెల్లగ సార్, అందుల చింతగింజలున్నయి, కారుతయి అన్నది.

ఆమెనే సోషల్ మేడం. అప్పటికే యాభై దాటినయి. పొట్టి మనిషి, నడక మాత్రం వేగం. చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపి ఉంటది. కుడిచేతి గోర్ల చుట్టూ ఎండిన జిగురు లేత పసుపుగా పొలుసు లేసి ఉంటది. మాట్లాడుకుంటనే దాన్ని గిల్లుకుంటది.

ఆ సంచిలో ఏముంటయో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. అయిపోయిన పెండ్లిళ్ల కార్డులు, పత్తిగింజల ప్యాకెట్లు, గోలీలు తీసేసిన రేకులు, అగ్గిపెట్టెలు, పాత క్యాలెండర్లు, మక్కబుట్టల పొట్టు, గిన్నెకోడి ఈకలు, బడి వెనక గుట్టమీది ఎర్ర రాళ్లు. ఆమె వచ్చే బస్సు కండక్టరు టికెట్ మిషన్లో మిగిలిపోయిన కాగితం చుట్టలు ఆమె కోసమే దాచి ఇస్తుండె. ఎవరన్నా స్టాఫ్ రూముకు పెండ్లి కార్డు తెస్తే మేమందరం ముహూర్తం, ఫంక్షన్ హాలు చదివేటోళ్లం. ఆమె మాత్రం కార్డును బొటనవేలితో రుద్ది మందం చూసేది. పెండ్లికి తప్పక పోయేది, మనసార దీవించేది, వచ్చేటప్పుడు ఆ ఇంటోళ్లను మిగిలిన కార్డులున్నయా అని అడిగేది. ఒకసారి ఒకాయన చిన్నబుచ్చుకున్నడు కూడా. తర్వాత వాళ్ల బిడ్డ పెండ్లికార్డు మీది బంగారు రంగు ముక్కలు ఆరో తరగతి గోడ మీద కాకతీయుల తోరణమై మెరిసినయి. అది చూసి ఆయనే మిగతా కట్ట మొత్తం తెచ్చి ఇచ్చిండు.

జిగురుకు ఆమె బజారు సీసాలు కొనేది కాదు. వంట చేసే అక్క పిల్లల అన్నాలైనంక అదే పొయ్యి మీద మైదాపిండి కాచి ఇచ్చేది. పురుగు పట్టకుండ అందులో చిటికెడు పసుపు. అందుకే మా బడిలో ఏ బొమ్మ చూసినా అంచుల వెంబడి లేత పసుపు గీత ఉండేది.

"ఆరనియ్యిండ్రి" అనేది ఆమె ఊతపదం. అతికించిన ముక్కను వెంటనే ముట్టుకునే పిల్లలకు చెప్పే మాట అది. కాని అన్నిటికీ అదే వాడేది. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, పీఈటీ సారుతోని గ్రౌండు గురించి కొట్లాడి కోపంగా లేస్తే, జర ఆరనియ్యిండ్రి సార్ అని మంచినీళ్ల గ్లాసు ముందట పెట్టేది. కొత్తగా పెండ్లయి అత్తగారింటి మీద ఏడ్చుకుంట వచ్చిన హిందీ టీచరుకు కూడా అదే చెప్పింది. ఆ పిల్ల ఏడుపు ఆపి నవ్వింది.

ఇంకో మాట ఉండేది. పిల్లలు ఏది ఎక్కడ అతికించినా ఆమె తప్పు అనేది కాదు, ఒప్పు అనేది కాదు. వంగి చూసి, "గిదెందుకు గీడ వెట్టినవ్ బిడ్డా?" అని అడిగేది. జవాబు చెప్తే ముక్క అక్కడ ఉంటది. చెప్పలేకపోతే ఆ పిల్లనే తీసుకొని ఇంకోచోట పెట్టుకుంటది. అంతే ఆమె పరీక్ష.

ఒకసారి ఏడో తరగతితోని వారం రోజుల కూరల కొలాజ్ చేయించింది. ఇంట్ల ఏ పూట ఏం వండితే దాని పొట్టో, గింజో, తొక్కో తెచ్చి అతికించాలె. సైన్సు సారు పోషకాలు చెప్పాలె, నేను శాతాలు చెప్పాలె, తెలుగు టీచరు వంట చేసే విధానం రాయించాలె, ఇంగ్లీషు టీచరు పేర్లు చెప్పాలె. చార్టు నిండ ఉల్లిగడ్డ పొట్టు, చింతగింజలే వచ్చినయి. ఒక పిల్లగాడు ఆలుగడ్డ తొక్కను అన్నిటికీ దూరంగా మూలకు పెట్టిండు. ఎందుకంటే ఆ రోజు వాళ్ల మేనమామ వచ్చిండట, అది వాళ్లు మామూలుగా తినే కూర కాదట, లెక్కలో కలిపితే అబద్ధమైతదట. మేడం నా దిక్కు చూసి, శాతాలు చెప్పేటప్పుడు ఈ సంగతి కూడ చెప్పుండ్రి సార్ అన్నది. నేను చెప్పలేదు. నాకు అప్పుడు సిలబస్ వెనకబడి ఉన్నది.

నిజానికి ఈ యవ్వారం నాకు మొదటి నుంచి నచ్చలేదు. పిల్లలు జిగురు చేతులతోని నా పీరియడుకు వచ్చేటోళ్లు. నోటుబుక్కులు అంటుకొని పేజీలు విప్పరాకపోయేది. ఒకరోజు ఓపిక పట్టలేక, పెండ్లికార్డులు కత్తిరిస్తే పరీక్షలో మార్కులొస్తయా మేడం అని అందరి ముందటనే అడిగిన. ఆమె జిగురు గిల్లుకుంట, రావు సార్ అన్నది. ఇంకేమన్నా అంటదేమోనని చూసిన. మార్కులకు మీరున్నరు గదా అన్నది. అందులో ఎకసెక్కెం లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఆ యేడు దసరా సెలవులు అయిపోంగనే ఆమె పెద్దపని మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతితోని మా బడి చుట్టుపక్కల పటం. నాలుగు ఊర్లు, రెండు తండాలు, గుట్ట, వాగు, చెరువు, రోడ్డు అన్నీ ఉండాలె. ఊర్లో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ అడిగి తెచ్చి, నాయకుల ముఖాలు గోడ దిక్కు తిప్పి, తెల్లటి వెనకభాగం పైకి పెట్టింది. ఫ్లెక్సీకి మైదాజిగురు పట్టదని దాని మీద పాత పంచె గుడ్డ తనే కూసుండి కుట్టింది. గుట్టకు గుట్టమీది ఎర్రరాతి పొడి, నల్లరేగడికి నల్లరేగడి, చెలకకు చెలక మట్టి, వాగుకు చిరిగిన నీలం చీర అంచు, మిర్పతోటలకు తొడిమెలు. ఏ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో ముసలోళ్లను అడిగి తెలుసుకొని తెలుగులో రాసి అతికించాలె. తండాల పేర్లు వాళ్ల మాటలో ఎట్లంటరో అది కూడా పక్కన ఉండాలె.

నాకు అప్పగించిన పని కొలత. పెద్దసారు చెప్పిండు కాబట్టి తప్పలేదు. జానెడుకు ఒక కిలోమీటరు అని స్కేలు పెట్టిన. కిలోమీటరు రాళ్లు చూసి దూరాలు రాసుకొని, ఏ ఊరు ఎన్ని జానల దూరమో పిల్లలకు చెప్పి, నా పని అయిపోయిందని చేతులు దులుపుకున్న.

ఆ క్లాసులో మంజుల అనే అమ్మాయి ఉండేది. వాగవతలి తండా పిల్ల. కిటికీ పక్క కూసునేది, మాట్లాడేది కాదు. ఇంట్లో వాళ్ల భాషే మాట్లాడుతరు, తెలుగు అర్థమయితది కాని నోట్ల నుంచి రాదు. అర్ధసంవత్సరం పరీక్షలో లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చింది. నేను సున్నా వేసిన. తల్లిదండ్రుల మీటింగుకు వాళ్ల నాయిన పనిమాని వచ్చిండు. తువ్వాల చేతిలో పట్టుకొని నిలబడ్డడు. మీ పిల్లకు లెక్కలు రావు, ఇంక వచ్చేటట్టు కూడ లేదని చెప్పిన. ఆయన సరే సారూ అని పోయిండు. ఆ మాట ఎంతదూరం పోతదో నేను ఆలోచించలేదు. తర్వాత ఇంకో పిల్ల తండ్రి వచ్చిండు, ఆయనతోని మాట్లాడిన.

మిర్పతోటలు ఎర్రపడ్డయి. తండా నుంచి చానమంది ఖమ్మం దిక్కు కాయ ఏరడానికి పోతరు, రెండు మూడు నెలలు అక్కడే గుడిసెలు వేసుకొని ఉంటరు. మంజులను కూడా తీసుకపోతున్నరని, వచ్చే వారం నుంచి బడికి రాదని ఇంకో తండా నుంచి వచ్చే ఆమె దోస్తు స్వప్న మేడానికి చెప్పింది. చదువొచ్చేటట్టు లేదని లెక్కల సారే అన్నడంట, ఊకె బడికి పంపుడెందుకు, కాయన్నా ఏరుతది అన్నరంట వాళ్లింట్ల. మేడం ఈ సంగతి స్టాఫ్ రూములో నాకు చెప్పింది. చెప్పి, సంచి సర్దుకొని క్లాసుకు పోయింది. సున్నాకు సున్నా అనక ఏమంటరని నాకు నేనే చెప్పుకున్న.

ఆ వారమే ఈ గొడవ జరిగింది. నేను పటం చూడబోయిన. వాగవతలి తండా ముక్క, అగ్గిపెట్టెలతోని చేసిన చిన్న ఇండ్ల గుంపు, బడికి జానెడున్నర దూరంలో అతికించి ఉన్నది. రోడ్డు లెక్క ప్రకారం తండా ఆరు కిలోమీటర్లు. ఆరు జానల దూరం ఉండాలె. ఇంకా తడిగనే ఉన్నదని దాన్ని లేపి, సరిగ్గా కొలిచి అవతల పెట్టిన. తెల్లారి వచ్చి చూస్తే మళ్లా జానెడున్నరకు వచ్చింది. మళ్లా మార్చిన. మూడోరోజు మళ్లా అక్కడే.

క్లాసులో గట్టిగా అడిగిన. ఎవరు మారుస్తున్నరో చెప్పేదాకా ఎవరూ కూసోవద్దన్న. పిల్లలందరూ నిలబడ్డరు. సోషల్ మేడం గుమ్మంలో నిలబడి చూస్తున్నది. అప్పుడు కిటికీ పక్క నుంచి మంజుల ముందటికి వచ్చింది. వచ్చి పటం దగ్గర నిలబడి, ఆ అగ్గిపెట్టెల మీద అరచెయ్యి పెట్టింది, నేను మళ్లా లేపకుండ.

నేను నోరు తెరిచేలోపల మేడం వచ్చి ఆ పిల్ల పక్కన వంగింది.

"గిదెందుకు గీడ వెట్టినవ్ బిడ్డా? మీ మాటల్నే చెప్పు. స్వప్న మాకు చెప్తది."

మంజుల చెప్పింది. మొదట ఒక్కో మాట, తర్వాత ఆగకుండ. ఆ పిల్ల గొంతు నేను అప్పుడే మొదటిసారి విన్న. వేలితోని గుట్ట చుట్టూ రోడ్డు గీసి చూపించింది, తర్వాత గుట్ట పక్క నుంచి, వాగు మీద నుంచి తిన్నగా ఒక గీత గీసింది. స్వప్న తెలుగులో చెప్పింది.

"బస్సు రోడ్డు గుట్ట సుట్టు తిరిగి వస్తదంట సార్. వీళ్లు వాగు దాటి సీదా వస్తరంట. పొద్దున బడి గంట కొడ్తే వీళ్ల వాకిట్లకు వినవడ్తదంట. ఆరు కిలోమీటర్లయితే గంట ఎట్ల వినవడ్తదని అడుగుతుంది."

క్లాసంతా నా ముఖం చూస్తున్నది. పటంలో దూరం తిన్నగా కొలవాలె, బస్సు తిరిగే దారిలో కాదు. ఆరో తరగతి పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. కిలోమీటరు రాళ్లు చూసిన తొందరలో నేను మర్చిపోయిన. సున్నా వేసిన పిల్ల నా తప్పు పట్టింది, అది కూడా గంట చప్పుడు సాక్ష్యం పెట్టి. కొలిస్తే తెలుస్తది అన్న.

"అయితే ఐతారం కొలుద్దాం సార్" అన్నది మేడం, పెద్ద సంబురంగా. నన్ను గెలిపిస్తున్నట్టే అన్నది గాని ఓడగొట్టినట్టు అనలేదు.

ఆ ఆదివారం మేడం, నేను, మంజుల, స్వప్న, ఇంకో నలుగురు పిల్లలం బడి నుంచి బయలుదేరినం. ఇరవై మీటర్ల తాడు ఒకటి. తాడు ముందుకు పడ్డప్పుడల్లా మంజుల మేడం సంచిలో నుంచి ఒక చింతగింజ తీసి తన ఓణీ కొంగులో వేసుకోవాలె. మేడం చీర మోకాళ్లదాకా ఎత్తికట్టి నా కంటే ముందు నడిచింది. ప్రతి చెట్టు దగ్గర ఆగి ఏదో ఒకటి ఏరుకుంటది, మళ్లా ఉరుకుతది. వాగులో నీళ్లు పిక్కలదాకనే ఉన్నయి, కాని రాయి పాకుడు పట్టి నేను జారిన. కొత్త చెప్పుల్లో ఒకటి నీళ్లలో కొట్టుకపోయింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక తాడు వదిలేసిండ్రు. మేడం, ఇంకోటి పారెయ్యకుండ్రి సార్, దాని అడుగు మీద చుక్కలు మంచిగున్నయి అన్నది. ఒంటి చెప్పుతోని నడవలేక అది కూడా తీసి ఆమెకే ఇచ్చిన. సంచిలో వేసుకున్నది.

తండా మొదటి ఇంటి దగ్గర తాడు ఆగింది. మంజుల కొంగులోని గింజలు గచ్చు మీద పోసి జరిపింది. డెబ్బై ఎనిమిది. నేను జేబులోంచి పెన్ను తీసేలోపల ఆ పిల్ల తెలుగులోనే చెప్పింది.

"వెయ్యిన్ని ఐదు వందల అరువై."

అంటే కిలోమీటరున్నర, ఆ పిల్ల పెట్టిన జానెడున్నరే. పెన్ను చేతిలోనే ఉండిపోయింది. ఎట్ల చేసినవని అడిగిన. వాళ్ల నాయనమ్మ మేకలను ఇరవై ఇరవై చొప్పున లెక్కబెడుతదంట, చిన్నప్పటి నుంచి తను కూడా అట్లనే లెక్కబెడుతదంట. మరి పరీక్షలో ఎందుకు రాయలేదంటే తలొంచుకున్నది. ప్రశ్నలు చదవడానికే టైమంతా అయిపోతదని స్వప్న చెప్పింది.

వాళ్ల ఇంటి ముందర మూటలు కట్టి ఉన్నయి. తెల్లారి ఆటోలో పోతున్నరు. నాయిన మమ్మల్ని చూసి నులక మంచం వాల్చిండు, చాయ్ పెట్టమని లోపలికి చెప్పిండు. నేను బురదకాళ్లతోని నిలబడే చెప్పిన, పిల్లను చదువు మాన్పియ్యకుండ్రి, లెక్కలు మంచిగొస్తయి, ఇప్పుడే చూసినం అని. ఆయన కోపపడలేదు. తువ్వాలతోని మంచం తుడుసుకుంటనే అడిగిండు.

"సారూ, మొన్న రావంటిరి. ఇయ్యాల వస్తయంటున్నరు. మాది చదువు లేని ముఖం. ఏది నమ్మాలె మేము?"

మేడం ఏమన్నా ఆదుకుంటదేమోనని ఆమె దిక్కు చూసిన. ఆమె చాయ్ గ్లాసులోకి చూసుకుంట కూసున్నది. ఇది నేనే చెప్పాలె.

"పిల్లకు వస్తుండె అన్నా. నాకే అడుగుడు రాలె" అన్న.

ఉద్యోగంలో చేరినంక నేను తప్పు ఒప్పుకున్నది అదే మొదలు. ఆయన నన్ను కొంచెంసేపు చూసిండు, పాదాలు కూడా చూసిండు. లోపలికి పోయి తన రబ్బరు చెప్పులు తెచ్చి నా ముందర పెట్టిండు. పిల్ల సంగతి మాత్రం ఏం చెప్పలేదు.

ఈ మాటలన్నీ జరుగుతుంటే నాయనమ్మ మేడం సంచిని ఒళ్లో వేసుకొని తిప్పి తిప్పి చూస్తున్నది. కుట్టు మంచిగ లేదని వాళ్ల భాషలో ఏందో అన్నది. మంజుల నవ్వుతూ మాకు చెప్పింది. మేడం చిన్నబుచ్చుకోలేదు, ఎట్ల కుట్టాలో చూపియ్యమన్నది. ముసలామె లోపలి నుంచి సూది తెచ్చి, విడిపోతున్న ఒక మూల విప్పి, మూడు మడతల కుట్టు వేసింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు. అయినా గంటసేపు మాట్లాడుకున్నరు. మేము లేచేటప్పుడు ముసలామె కొడుకు దిక్కు చూసి గట్టిగా ఏదో చెప్పింది. ఏమన్నదని వాగు దాటినంక స్వప్నను అడిగిన. పిల్ల నా దగ్గరుంటది, మీరు పోండ్రి అన్నదంట. మరి ఆయనేమన్నడు అంటే, ఏమనలేదన్నది.

సోమవారం మంజుల రాలేదు. మంగళవారం కూడా రాలేదు. నేను హాజరు తీసుకునేటప్పుడు ఆ పేరు దగ్గర గొంతు తగ్గించి పిలిచి ముందుకు పోయిన. స్టాఫ్ రూములో మేడంతోని, మనం పోయి లాభం లేకపాయె అన్న. ఆరనియ్యిండ్రి సార్ అన్నది. ఈసారి నాకు కోపం రాలేదు, కాని నమ్మకం కూడా కలగలేదు.

బుధవారం ప్రార్థన అయిపోయినంక వచ్చింది. తలకు నూనె పెట్టి గట్టిగా రెండు జడలు వేసి ఉన్నయి. తల్లిదండ్రులను దించిరావడానికి పోయి, గుడిసె కట్టేదాకా ఉండి, వాళ్ల చిన్నాయినతోని తిరిగి వచ్చిందంట. నేరుగా పటం దగ్గరికి పోయింది. తండా జానెడున్నర దూరంలోనే ఉన్నది. ఎవరూ ముట్టుకోలేదు. చూసుకొని పోయి కూసున్నది.

ఆ తర్వాత నేను మంజులకు ప్రశ్నలు చదివి వినిపించి లెక్కలు చేయించిన. మెల్లగా తనే చదువుడు నేర్చుకున్నది. ఉగాదికి వాళ్ల నాయిన తిరిగొచ్చి, బడికి ఒక సంచెడు ఎండుమిర్పకాయ తెచ్చి వంట చేసే అక్కకు ఇచ్చిండు. రబ్బరు చెప్పులు తిరిగి ఇయ్యబోతే తీసుకోలేదు. మంజుల పదో తరగతి పాసై, మహబూబాబాద్‌లో ఇంటర్ చదివి, ఇప్పుడు వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నది. పటం మాత్రం వరండా గోడకు చానకాలం ఉన్నది. దవఖానకు కొత్తగా వచ్చిన నర్సమ్మ ఆ పటం చూసే తండాకు వాగు దారి పట్టింది. వానలకు గుట్ట రంగు కారి చెరువు ఎర్రగా అయితే పిల్లలు మళ్లా నీలం గుడ్డ వేసిండ్రు. నా చెప్పు అడుగు కూడా అందులో ఉండేది, మక్కచేను మీద మొలకల గుర్తుగా.

నాలుగేండ్లకు మేడం రిటైరైంది. ఆ రోజు శాలువా కప్పినం, దండ వేసినం, పెద్దసారు చాలాసేపు మాట్లాడిండు. ఆమె మాత్రం సభ మీద ఏం మాట్లాడనని, చివరి పీరియడు ఎనిమిదో తరగతికి పోతనని చెప్పింది. మేము కూడా వెనక పోయి గోడకు నిలబడ్డం. పిల్లలూ, ఏదన్నా అడుగుండ్రి అన్నది. ముందు బెంచిలో ఒక పిల్ల లేచి, మేడం మీరు బోర్డు మీద ఇండియా మ్యాపు ఎప్పుడూ గీయలేదు, ఈ ఒక్కరోజు గీయండి అన్నది.

అప్పుడు నాకు కూడా తట్టింది. నిజమే, ఆమె ఎప్పుడూ గీయలేదు. ఎప్పుడూ పిల్లలతోనే ఏదో ఒకటి అతికించేది.

మేడం సుద్దముక్క తీసుకున్నది. చాలాసేపు నిలబడి, నాలుక పంటికింద పెట్టుకొని గీసింది. గుజరాత్ దగ్గర ఒకసారి తుడిచింది. చివరికి పక్కకు జరిగింది. క్లాసులో వెనక నుంచి ఎవరో మెల్లగా, వంకాయ అన్నరు. ఇంకొకరు కాదు బెండపురుగు అన్నరు. పిల్లలు పడి పడి నవ్విండ్రు. పెద్దసారు మర్యాదకు దగ్గుతున్నడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మేడమే, కండ్లనీళ్లు కొంగుతోని తుడుసుకుంట.

నవ్వు తగ్గినంక చెప్పింది. చిన్నప్పుడు తను గీసిన మ్యాపును వాళ్ల సారు క్లాసంతా తిప్పి చూపెట్టి నవ్వించిండంట. ఆ తర్వాత బడి ఎగ్గొట్టి రెండు నెలలు ఇంట్లనే ఉన్నదంట. వాళ్ల బాపు బతిమాలి మళ్లా పంపిండంట.

"నాకు బొమ్మ గీయరాదు. గందుకే మీ చేత అతికిచ్చిన" అన్నది. "మీల ఇంకెవ్వరికి గీయరాదు?"

ముందు ఒక చెయ్యి లేచింది, తర్వాత నాలుగైదు. గోడకు నిలబడ్డ హిందీ టీచరు లేపింది. నేను కూడా లేపిన, సగం కాదు, పూర్తిగా.

గంట కొట్టిండ్రు. ఆమె సుద్ద చేతులు దులుపుకొని బస్సుకు పోయింది. సోమవారం ఆ గదిలో నా మొదటి పీరియడు. తుడుద్దామని డస్టరు పట్టుకుంటే పిల్లలందరూ ఒక్కసారే వద్దన్నరు. బోర్డు సగం పైన ఆ మ్యాపే ఉన్నది. మిగిలిన జాగలో, అక్షరాలు చిన్నగా చేసుకొని, నేను ఆ వారమంతా లెక్కలు చెప్పిన.